మిరియాల పొట్లం

పద్మా,

యావన్మందికీ ఇందుమూలంగా తెలియజేయునది ఏమనగా, పెండిల్ హిల్‌లోని మన ఇంట బూందీ పొట్లానికి టేపు అంటించినవారు శిక్షార్హులు! శాసనం నీదే, చాటింపు మాత్రం నాది.

నువ్వు పోయాక మీనూకి ఇదే మొదటి పుట్టినరోజు. పార్టీకొచ్చే పిల్లలకు పొట్లాలు నేనే కట్టాను. కాగితం గరాటులా చుట్టడం వచ్చింది గానీ, పైకొసను లోపలికి దోపే నీ మడత రాలేదు.

"నాన్నా, దే కీప్ ఓపెనింగ్! టేప్ వేసెయ్," అంది మీనూ.

"టేపేస్తే మీ అమ్మ దిగొచ్చి తంతుంది."

మీనూ టేపు చుట్టను తీసుకెళ్లి సొరుగులో పెట్టేసింది.

ఏటా ఒక పొట్లంలో బూందీకి బదులు మిరియాలు పోసేవాణ్ణి కదా. "యాభై దాటినా కోతిబుద్ధి పోలేదు," అని తిట్టేదానివి. ఈసారి ఆ పొట్లం మీనూకే వచ్చింది. "నాన్నా, యూ ఆర్ సో మీన్!" అని పకపకా నవ్వింది. ఇల్లు మళ్లీ మునుపటిలా అయింది.

లేదులే. ఈసారి మిరియాల సంగతి నేను కల్పించిందే. పొట్లాలన్నీ కట్టేదాకా వాటి డబ్బా పక్కనే ఉంది, మూత తీయబుద్ధి కాలేదు.

మీనూ మాత్రం తన పొట్లం విప్పి, బూందీ అంతా పళ్లెంలో ఒంపి, అడుగుదాకా వెతికింది.