సంచి చేరింది, నేను చేరలేదు

చుంపోన్ రేవు, మంగళవారం

చెల్లీ దావ్రుంగ్,

నేను క్షేమమే, కానీ ఇంకా ఒడ్డునే ఉన్నాను. తావ్ దీవి పడవవాళ్లు టికెట్టు తీసుకుని, రవికకి అంటించుకోమని రంగు చీటీ ఇచ్చారు. కొత్త రవిక పాడవుతుందని సంచికి అంటించాను. సంచిని ఎక్కించుకుని నన్ను ఆపేశారు. "చీటీ ఉన్నదే ఎక్కుతుంది పెద్దమ్మా!" అని కూలీ నవ్వాడు.

బాలింత మందులన్నీ అందులోనే ఉన్నాయి. దీవి రేవులో ఎదురుచూస్తున్న, నెలలు నిండిన మా నువాన్లా, అమ్మ లేని సంచిని చూసి ఏమైపోతుందో! ఇక్కణ్ణుంచి దానికీ నీకూ ఫోను కలవడం లేదు. రేపు పొద్దున్నే ఇంకో పడవ ఉంది. మన ఊరి రైలెక్కుతున్న ఆవిడ చేతికి ఈ కార్డు ఇస్తున్నాను.

బాతులకు తవుడు నువ్వే వెయ్యి, మీ బావ మరిచిపోతాడు. ఈ సంగతి ఆయనకి చెప్పకు. పిల్లలకు నా దీవెనలు.

నువాన్లా ఏడుస్తూ ఫోను చేస్తే, అమ్మ సముద్రంలో పడలేదని చెప్పు. నవ్వకుండా చెప్పు.

మీ అక్క,
లమ్యాయ్