చిన్నమ్మాయి వయసులో నేను కలిపిన పధ్నాలుగు నెలలు

పరీక్షల నియంత్రణాధికారి గారి సముఖమునకు,
పాత రిజిస్టర్లకు బైండింగు చేసుకుని బతికే ఒక తండ్రి సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: ఉన్నతోద్యోగాల పోటీ పరీక్షకు గరిష్ఠ వయోపరిమితి దాటినదని నా రెండవ కుమార్తె దరఖాస్తు తిరస్కరించబడుట - సదరు వయసు తప్పు అగుట - సదరు తప్పు ఆమెది గాక నాది అగుట - గురించి.

నేను ముప్పై ఎనిమిదేళ్ళుగా ఆఫీసుల రిజిస్టర్లు కుట్టి అట్టలు వేస్తున్నాను. అర్జీ రాయడం నాకెవరూ నేర్పలేదు. కుడుతూ కుడుతూ ఇతరుల అర్జీలు చదివి నేర్చుకున్నాను. భాషలో దోషములున్న మన్నించి, దిగువ అంశములు పరిశీలించ ప్రార్థన.

1. నాకు ఇద్దరు కుమార్తెలు. పెద్దమ్మాయికి ఐదో ఏట జ్వరం తగిలి చూపు పోయింది. వెలుగూ నీడా తెలుస్తాయి, అంతకు మించి లేదు. మరుసటి ఏడు ఆమెను బడిలో చేర్చడానికి తీసుకువెళ్ళగా హెడ్మాస్టరమ్మ గారు, "పిల్లని చేర్చుకోవడానికి నాకేం అభ్యంతరం లేదండీ. కానీ పక్కన కూర్చుని చెయ్యి పట్టుకునేదెవరు? నేనైతే మనిషిని పెట్టలేను" అన్నారు. నాకు పని, నా భార్యకు మిల్లులో పగటి డ్యూటీ. "దీని చెల్లెలుందమ్మా" అన్నాను. "దానికి ఐదేళ్ళు నిండాయా?" అని అడిగారు. నిండాయన్నాను. నిండలేదు. చిన్నమ్మాయి పుట్టినది ఆగస్టు ఇరవైన. ఆ రోజుకు ఆమెకు మూడేళ్ళ పది నెలలు. నేను అంతకు ముందటి ఏడు జూన్ పన్నెండు అని రాసి సంతకం చేశాను. తేడా పధ్నాలుగు నెలల ఎనిమిది రోజులు.

ఇంటికి వచ్చి చెబితే నా భార్య నోరు వెళ్ళబెట్టింది. "ఆడపిల్ల వయసు తగ్గించి చెప్పేవాళ్ళని చూశాను గానీ, పెంచి రాసిన మహానుభావుణ్ణి నిన్నే చూస్తున్నా. రేపు దానికేదైనా అడ్డం వస్తే?"

"ఒకటో తరగతేగా, ఏమొస్తుంది!" అన్నాను.

2. సదరు చిన్నమ్మాయి, అక్క పక్కన బల్ల మీద కూర్చుని, బోర్డు మీద ఏ ఆకారం కనిపిస్తే ఆ ఆకారాన్ని అక్క అరచేతిలో వేలితో దిద్దేది. అది ఏ అక్షరమో తనకు తెలియదు. తెలిసే వయసు కాదు. పెద్దమ్మాయికి మాత్రం ఠక్కున తెలిసిపోయేది. అందుచేత బడిలో చూపు లేని పిల్ల చురుకైనది, చూపున్న పిల్ల మొద్దు అని పేరు స్థిరపడినది. తోటి పిల్లలు చిన్నదాన్ని 'నత్త' అనేవారు. మూడో తరగతిలో హెడ్మాస్టరమ్మ గారు నన్ను పిలిపించి, "పెద్దది బంగారమండీ. చిన్నదానికే, ఏమనుకోకండి, బుర్ర ఎదగలేదు" అన్నారు. చిన్నది నా పక్కనే నిలబడి ఉంది. నేను తల వంచుకుని, "అవునమ్మా" అన్నాను.

అయ్యా, ఆ 'అవునమ్మా' అన్న మాట ఈ అర్జీలో ఏ అంశం కింద చేర్చవలెనో నాకు తెలియలేదు. ఇక్కడే వదిలేస్తున్నాను.

3. ఇద్దరూ డిగ్రీ అయినాక పోటీ పరీక్షలకు కూర్చున్నారు. కోచింగు లేదు. చిన్నమ్మాయి పైకి చదివేది, పెద్దమ్మాయి వినేది. విన్నదాన్ని పెద్దది తిరిగి విడమరచి చెబితే చిన్నదానికి అర్థమయ్యేది. రాజ్యాంగమంతా మా వంటగదిలో చిన్నదాని గొంతుతోనే విన్నాను. ఒక్కో పేజీ నాలుగైదుసార్లు చదవడం వల్ల అది బొంగురుపోయి, ఇప్పటికీ ఫోనులో ఎవరైనా 'సార్' అనే అంటారు.

చూపు లేనివారికి, చెప్పినది రాసిపెట్టే స్క్రైబు ఉండవచ్చును గదా. ఆ స్క్రైబు చదువు అభ్యర్థి చదువు కంటే తక్కువ ఉండవలెనని నిబంధన. కాబట్టి చిన్నమ్మాయి పనికిరాలేదు. ఐదేళ్ళ కిందట పరీక్ష రోజున చిన్నమ్మాయి అక్కను ఆమె సెంటరు దగ్గర దింపగానే, స్క్రైబుగా వస్తానన్న కాలేజీ అమ్మాయి జ్వరమని ఫోను చేసింది. చిన్నమ్మాయి సెంటరు ఊరికి ఆ చివర.

"నువ్వు వెళ్ళవే, నీకు గేటు మూసేస్తారు. నేను చూసుకుంటాను" అంది పెద్దది.

"నువ్వేం చూసుకుంటావే అక్కా!" అని చిన్నది వీధిలోకి పరుగెత్తింది. అప్పుడే షట్టరు ఎత్తుతున్న జిరాక్సు షాపు ఆవిడ చెయ్యి పట్టుకుంది. "నేను టెన్త్ ఫెయిలమ్మా, నన్నెందుకు లాగుతావు?" అని ఆవిడ. "ఫెయిలైతే ఇంకా మంచిదండీ, రండి రండి!" అని ఇది. ఆవిడను లోపల కూర్చోబెట్టి, ఫారాల మీద సంతకాలయ్యే వరకు నిలబడి, అప్పుడు బయల్దేరింది. తన సెంటరు గేటు నాలుగు నిమిషాల కిందటే మూసేశారు. మళ్ళీ అక్క సెంటరుకే వచ్చి, అరుగు మీద సాయంత్రం దాకా కూర్చుని, అక్క బయటికి రాగానే, "నాదీ బాగానే అయిందే" అని చెప్పింది.

ఆ సంవత్సరం పెద్దమ్మాయి నెగ్గింది. చిన్నమ్మాయి ఫెయిలయ్యానంది. అందరం నమ్మాము. కొన్నాళ్ళకు ఆమె పుస్తకానికి అట్ట వేస్తుంటే హాల్ టికెట్టు జారి పడింది. దాని మీద ఇన్విజిలేటరు సంతకం లేదు. సంతకాలు చూసి చూసి పండిన కళ్ళు నావి. పిలిచి అడిగితే ఉన్నది చెప్పి, "అక్కకి చెప్పకు నాన్నా, దాని ఉద్యోగం చేదవుతుంది" అంది. చెప్పలేదు. ఈ అర్జీ కోసమే మొన్న ఫోనులో చెప్పాను. పెద్దమ్మాయి అంతా విని, "నన్ను సాక్షిగా రాయి నాన్నా" అని మాత్రం అంది.

4. తరువాత మూడుసార్లు చిన్నమ్మాయి రాసింది. మొదటిసారి ప్రిలిమినరీలో పోయింది. రెండోసారి మెయిన్స్‌లో పోయింది. మూడోసారి ఇంటర్వ్యూ దాకా వెళ్ళి పదకొండు మార్కులతో పోయింది. ఆ పదకొండు మార్కుల గురించి నాకు ఫిర్యాదు లేదు. అవి ఆమెకు రాలేదు, అంతే. ఇంకొకసారి రాస్తే వస్తాయని ఆమే అంది. ఏ పరీక్షకు ముందూ అలా అనని పిల్ల అయ్యా అది.

5. పోయిన ఏడాది దరఖాస్తు నింపుతుండగా కంప్యూటరు ఒప్పుకోలేదు. వయసు ముప్పై రెండు దాటినది, అర్హత లేదు, అని ఎర్ర అక్షరాలతో వచ్చింది. నేను వెనకే నిలబడి ఉన్నాను. నిజమైన లెక్కన ఆమెకు ముప్పై దాటి పదకొండు నెలలే.

"పోన్లే నాన్నా" అని నవ్వింది. "ముప్పై రెండేళ్ళకి ఎదగని బుర్ర ఇంకెప్పుడు ఎదుగుతుందిలే!"

అప్పుడే చెప్పవలసి ఉండినది. చెప్పలేదు. ఆమె తిడుతుందని జంకలేదు. తిట్టదని తెలుసు. అందుకే నోరు రాలేదు. ఆ విధంగా ఒక సంవత్సరము, అనగా ఒక పూర్తి అవకాశము, నా మౌనము వలన వృథా అయినదని ఇందుమూలముగా ఒప్పుకొనుచున్నాను. ఆమె ఒక ట్యుటోరియల్‌లో పాఠాలు చెప్పుకుంటూ, ఇంటికి వచ్చి పుస్తకాలు మాత్రం తీయడం మానేసింది.

6. ఈ సంవత్సరం ఆ బడి వారు పాత అడ్మిషన్ రిజిస్టర్లు శిథిలమైనవని నాకే పంపారు. దారం విప్పుతుంటే నా చేతిరాత కనిపించింది. వరుస సంఖ్య నలభై ఒకటి. మధ్యాహ్నం పన్నెండు గంటలు. బల్ల మీద బ్లేడు ఉంది, జిగురు ఉంది, నల్ల సిరా ఉంది. అసలు సంవత్సరం వేయాలంటే ఒక్క అంకె గీకాలి. నెలకు ఇంకొకటి, తేదీకి రెండు. పాత సిరాలా వెలిసినట్టు కనిపించాలంటే ఎన్ని చుక్కల నీళ్ళు కలపాలో నాకు తెలుసు. బ్లేడు చేతిలోకి తీసుకున్నాను.

అంతలో చిన్నమ్మాయి అన్నం తెచ్చింది. "ఏంటి నాన్నా, అంతలా చూస్తున్నావు?" అని వంగి చూసింది. తన పేరు చూసుకుంది. ఇక నా నోరు ఆగలేదు. మొత్తం చెప్పేశాను.

ఆమె ఆ తేదీ మీద వేలు పెట్టింది.

"అంటే, ఒకటో తరగతిలో నాకు మూడేళ్ళా?"

"మూడేళ్ళ పది నెలలమ్మా."

"మిగతా వాళ్ళందరికీ ఐదూ ఆరూనా?"

"అవును."

"అయితే నేను మొద్దుని కాదా నాన్నా?"

అయ్యా, ముప్పై ఒక్క ఏళ్ళ పిల్ల, రాజ్యాంగం మొత్తం కంఠతా వచ్చిన పిల్ల, నన్ను ఆ ప్రశ్న అడిగింది. నేను, "ఉండు, ఇప్పుడే దిద్దేస్తాను, ఎవరికీ తెలియదు" అన్నాను. ఆమె నా చేతిలోంచి బ్లేడు తీసుకుని పక్కన పెట్టింది.

"ఒకసారి దిద్దావుగా. చాలు నాన్నా. అడగాలనుంటే నిజం చెప్పి అడుగు."

ఆ రిజిస్టరును ఉన్నది ఉన్నట్టుగా కుట్టి బడికి అప్పగించాను. అడుగుచున్నాను.

7. ఆధారములు: (అ) ప్రసూతి ఆస్పత్రి వారి రిజిస్టరు నకలు. అందులో పేరు లేదు, 'ఆడ శిశువు' అని, తల్లి పేరు, ఆగస్టు ఇరవై అని మాత్రం ఉన్నవి. (ఆ) నా నేరాంగీకార పత్రము. (ఇ) పెద్దమ్మాయి వాంగ్మూలము. అందులో ఆమె చెప్పినది: "నేను కళ్ళతో చూసిన సాక్షిని కాను. కానీ బల్ల మీద కూర్చుంటే దాని కాళ్ళు నేలకి ఆనేవి కావు. కింది చెక్కకి కొట్టుకుంటూ టకటకమనేవి. మూడో తరగతి దాకా ఆ చప్పుడు విన్నాను. నా తోటి వాళ్ళెవరి కాళ్ళూ అలా చప్పుడు చేయలేదు."

తమ సెక్షను గుమాస్తా గారు ఈ కాగితములు చూసి, "పెద్దాయనా, ఒకసారి దరఖాస్తులో ఇచ్చిన పుట్టినతేదీ మార్చడానికి రూలు లేదు. కాగితంలో ఉన్నదే వయసు" అని సెలవిచ్చారు. "కాగితాలు కుట్టేవాణ్ణి బాబూ, కాగితం సంగతి నాకు తెలుసు. ఎవడు ఏది రాస్తే అది మోస్తుంది" అన్నాను. ఆయన మంచివారే. కుర్చీ చూపించారు.

8. కావున ప్రార్థించునది: ఈ సంవత్సరపు అర్హతకు గడువు తేదీ ఆగస్టు ఒకటి. ఆ తేదీకి ఆమెకు ముప్పై రెండు నిండడానికి ఇంకా పంతొమ్మిది రోజులు తక్కువ. అనగా ఇదే చివరి అవకాశము. దరఖాస్తులకు ఇంకా తొమ్మిది రోజులు ఉన్నవి. ఆమెను ఒక్కసారి రాయనివ్వండి. తప్పుడు తేదీ ఇచ్చినందుకు శిక్ష ఏదైనా ఉంటే, సంతకం ఎవరిదో చూసి వారికే వేయండి.

పై ఎనిమిది అంశములు చిత్తగించవలెను. ఎనిమిదింటికీ సమయము చాలని ఎడల ఆరవది ఒక్కటి చిత్తగించవలెను.

తమ విధేయుడు,
దరఖాస్తుదారు కాని తండ్రి

తా.క.: అయ్యా, ఇది తమ ఆఫీసు వరండాలో కూర్చుని రాస్తున్నాను. ఈ అర్జీ పట్టుకుని ఇంతకు ముందు నాలుగుసార్లు వచ్చాను. రెండుసార్లు తమరు మీటింగులో ఉన్నారు. ఒకసారి క్యాంపు. ఒకసారి సెలవు. నిన్న సాయంత్రంతో గడువు ముగిసినది. గుమాస్తా గారు, "ఇప్పుడిచ్చి లాభమేముంది పెద్దాయనా" అన్నారు. అయినా ఇస్తున్నాను. పై ఎనిమిదవ అంశం కొట్టివేసినట్టుగా భావించండి. పరీక్ష అడగను. ఆమె పుట్టినది ఆగస్టు ఇరవై అని, తప్పు తండ్రిదని, ముద్ర వేసి ఒక్క కాగితం ఇప్పించండి. అది ఏ ఉద్యోగానికీ పనికిరాదని తెలుసు.

ఈ ఉదయం చిన్నమ్మాయి ఈ అర్జీ చదివి నా తప్పులు దిద్దింది. మొత్తం అయ్యాక అడిగింది, "అందుకేనా నాన్నా, అమ్మ ప్రతి ఆగస్టులో నాకొక్కదానికే కొత్త పెన్ను కొనేది? ఎందుకమ్మా అంటే, ఊరికే అనేది."

ఆవిడ పోయి తొమ్మిదేళ్ళయింది. అంతకు ముందు ఏటేటా ఆ పెన్ను కొనడం నేనూ చూశాను. ఎందుకని నేనూ అడగలేదు. తెలుసు కాబట్టి.

అవునమ్మా అన్నాను. చిన్నమ్మాయి లేచి లోపలికి వెళ్ళింది. పాత పెన్నులుండే అలమరలో వెతుకుతున్న చప్పుడు నేను బయల్దేరేటప్పటికి కూడా వినబడుతూనే ఉంది.