విడిదిలో రెండో మంచం

నాంపల్లి,
జనవరి 1971

అన్నయ్యా,

మద్రాసు నుంచి నీ కార్డు అందింది. "ఈసారి రేసు మైదానం పక్కనే డ్రైవర్లకు మంచి విడిది ఇచ్చారు. రెండు మంచాలు, ఫ్యాను" అని రాశావు. విడిది! ఆ మాట నిరుడు నేనే నీకు నేర్పాను. మా తెలుగు మేడమ్ క్లాసులో చెప్పిన రోజు ఆబిడ్స్ నుంచి ఇంటిదాకా దాన్ని చప్పరిస్తూ నడిచాను. నువ్వు వాడావని సంబరంగా పైకి చదివాను. వదిన చేతిలో చాట ఆగిపోయింది.

"విడిది పెండ్లోళ్లకిస్తరు గదా నళినీ? మీ అన్నయ్య రేసుకు పోయిన్రా, మళ్ల పెండ్లికి పోయిన్రా?"

నేను నవ్వాను. తనూ నవ్వింది. తర్వాత బియ్యంలో రాళ్లు ఏరుతూ, నావైపు చూడకుండా అడిగింది. "రెండో మంచం ఎవరికంట?"

నీకు చెప్పొద్దని వదిన నాతో ఒట్టు వేయించుకున్న మాట ఇప్పుడు రాస్తున్నాను. మీ పెళ్లయిన ఏడాది, డ్రైవర్లకు పడుకునే చోటే లేదని, రేసులో నడిపే సేఠ్ కారు కిందే గోనెసంచి పరుచుకుంటున్నానని కార్డు రాశావు. అది చదివి వదిన పరుపు ఎత్తిపెట్టింది. నువ్వు తిరిగొచ్చేదాకా గోనెసంచి మీదే పడుకుంది. మరుసటి ఏడు మీకు డేరాలు వేశారు. వదిన మిద్దె మీద బట్టలారేసే తాడుకు దుప్పటి కట్టి, దాని కింద చేరింది. నిరుడు రేకుల షెడ్డు. వదిన వంటింటి వెనక కట్టెల రేకుల కిందికి మారింది. జలుబు చేసి ముక్కు చీదుతుంటే అమ్మ కోప్పడింది.

"గీ పిచ్చేంది విమలా?"

"ఆయన గాడ గట్లున్నరు గదా అత్తమ్మా."

ఏడాదికో మాట పంపావు నువ్వు. నేను ఆ మాటలు దాచుకున్నాను. వదిన వాటిలో కాపురముంది. ఇప్పుడేం చేయాలో తనకు తోచడం లేదు. గోనె ఉంది, దుప్పటి ఉంది. నీ విడిది మాత్రం మన ఇంట్లో ఎక్కడా లేదు. సాయంత్రం స్టేషన్ వైపు నుంచి కూత వినబడితే వదిన కళ్లు అరమోడ్పులవుతాయి. అది రైలు కాదట, నీ కారు మలుపు తిరుగుతోందట.

మొదటిసారి నువ్వు వెళ్తుంటే ఏడ్చింది కదా, అది భయం కాదు. వెంట రమ్మనలేదని.

రెండో మంచం ఎవరిదో రాయి అన్నయ్యా.

నీ జవాబు కోసం వాకిట్లోనే ఉండే
నళిని


నాంపల్లి,
ఫిబ్రవరి 1971

అన్నయ్యా,

రెండో మంచం మీద టైర్లున్నాయా! "డేరాలో టైర్లదీ మాదీ ఒకటే నేల. ఇప్పుడు వాటికీ మంచం దొరికింది. విమలను రమ్మనాలని నాకూ ఉంది, భయపడుతుందేమో. నువ్వే మెల్లగా అడిగి చూడు" అన్నావు. మెల్లగా అడగడం నాకు చేతకాదు. ఉత్తరం తీసుకెళ్లి వదిన చేతిలో పెట్టాను.

"టైర్లను మంచమెక్కిచ్చిన్రా! నన్ను గోనె మీద పండవెట్టి!"

"శ్రీపతి పండవెట్టలే, నీ అంతట నువ్వే పండినవ్" అంది అమ్మ.

వదిన లేచింది. గోనెసంచి దులిపి, మడిచి, కట్టెల మీద పెట్టింది. మధ్యాహ్నం నన్ను ఆబిడ్స్‌కు లాక్కెళ్లి ఆకాశం రంగు దిండు గలీబులు రెండు కొంది. "ఒకటి టైర్లకా?" అన్నాను. వీపు మీద చరిచింది.

మీ మెకానిక్ రాజమల్లుకు టెలిగ్రాం ఇచ్చాం, సామాను వస్తోంది, మద్రాసు స్టేషనుకు రమ్మని. ఆ సామాను ఏమిటో అతనికీ చెప్పలేదు, అతన్ని ఏమీ అనకు.

ఇది నాంపల్లి స్టేషన్ బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. ఎండలో ఇంజను పొగ పల్చగా పరుచుకుని, ప్లాట్‌ఫారమంతా ఎవరో కంటున్న కలలా ఉంది. అమ్మ ఆడవాళ్ల పెట్టె కిటికీ దగ్గర నిలబడి సకినాల డబ్బా అందిస్తోంది, ఇంకా జాగ్రత్తలు చెబుతూనే ఉంది.

ఈ ఉత్తరానికి తపాలా బిళ్ల అంటించలేదు. తెచ్చిన మనిషి నీ గుమ్మంలోనే నిలబడి ఉంటుంది. చదవడం ఆపి, ముందు టైర్లు దించు.

మాటలన్నీ అయిపోయిన
నీ చెల్లెలు నళిని