నీ చేతికి చెక్కిన గిటార్ మెడ

సురేశ్, నా నంబర్ బ్లాక్ చేశావు కాబట్టి ఇది నీకు చేరదు.

మన గిటార్ మెడకు ఈరోజు ఆఖరి ఫ్రెట్ కమ్మీ కొట్టాను. చర్చి పాత తలుపు టేకుతో ఇద్దరం చెక్కిన మెడే. “నా చెయ్యి పెద్దదిరా, ముందు నేను వాయిస్త” అని రోజూ గుప్పిట పట్టి చూసేవాడివి. సరేనని నీ చేతికే లావుగా ఉంచాను.

ఒక్క మాటైనా చెప్పకుండా కల్వకుర్తి బ్యాండులో చేరావు. కొత్త గిటార్ పట్టుకుని, “ఒక్కన్నే నేర్చుకున్న, తోడెవ్వరు లేకుండె” అన్నావు ఆ బ్యాండు వీడియోలో.

“వాడొచ్చి అడిగితే ఇస్తవారా?” అన్నాడు నాయిన.

“ఇస్త” అన్నాను. నిజంగానే ఇస్తాను. పట్టుకుని చూడు. ఫ్రెట్లు కొట్టేముందే ఆ మెడను నా చిన్న గుప్పిట్లో ఇమిడేదాకా సాండ్‌పేపర్‌తో రుద్దేశాను.