తేలిక ఫ్లైవీల్, నాయన ఎడమకాలు

ఆదివారం, రాత్రి.

నవ్వు ఆపుకోలేక రాస్తున్నాను. నా పాత రెండు సీట్ల స్పోర్ట్స్ కారు క్లచ్ అరిగిపోయి నెలయింది. కొత్తదానితోపాటు ఇంజిన్‌కు బిగించే ఫ్లైవీల్ చక్రం కూడా తేలికది వేయిస్తే, యాక్సిలరేటర్ తొక్కగానే ఇంజిన్ లేస్తుందని నా ఆశ. దానికి జోడీగా రేసు క్లచ్ మీద మనసుపడ్డాను. కానీ ఆ పెడల్ రాయిలా ఉంటుంది. ఆదివారాలు కారు నడిపేది నాయన. డెబ్బై ఏళ్ల మోకాలు. అందుకే మనసు చంపుకొని మెత్తటి క్లచ్ చాలనుకున్నాను.

పొద్దున రెడ్డియార్‌పాళయం షెడ్డులో మెకానిక్ సెల్వం, తేలిక ఫ్లైవీల్, రేసు క్లచ్ రెండూ బిగించిన ఇంకో కారు తాళం చేతికిచ్చాడు. "ఒక రౌండు పోయి చూడండి సార్."

మెయిన్ రోడ్డు ఎక్కేలోపే కారు మూడుసార్లు ఆగిపోయింది. వెనక బస్సు ఒకటే హారన్.

"నువ్వు దిగరా," అన్నాడు పక్కనున్న నాయన. ముప్పై ఏళ్లు ట్రాక్టర్‌తో దమ్ము చేసిన మనిషి. పొలంలోలాగే చెప్పులు విడిచి, వట్టి కాలితో పెడల్ నిదానంగా వదిలాడు. ఒక్క కుదుపు లేదు. మూలకుళం దాకా పోయివచ్చాం.

"ఏందిరా, దీనికా అంత భయపడినావు?"

ఇంకేం, రేసు క్లచ్చే అని ఉత్సాహంగా షెడ్డులోకి నడిచాను. నాయన అప్పటికే సెల్వానికి తమిళంలో చెప్పేస్తున్నాడు: చక్రం తేలికదే వెయ్యి, క్లచ్ మాత్రం మెత్తటిది. మావాడి కాలు తట్టుకోదు.

ఇప్పుడాయన హాయిగా గుర్రుపెడుతున్నాడు. మోకాలికి తైలం రాసుకుంటూ కూర్చున్నది నేను.