వెనక కాళ్ళకు రెక్కలు

ఫిబ్రవరి 10, సిరుగుప్ప

ఫైనల్ అయింది. కాలేజీ నుంచి బళ్ళారి సైన్స్ ఎగ్జిబిషన్‌కు నా మోడల్ షరోవిప్టెరిక్స్. డైనోసార్లు అప్పుడప్పుడే పుడుతున్న కాలంలో గాలిలో తేలిన బల్లి. రెక్కలు చేతులకు కాదు, వెనక కాళ్ళకు! ప్రపంచం మొత్తానికి దొరికిన మంచి శిలాజం ఒక్కటే. అందులోనూ ముందు కాళ్ళు సరిగా కనబడవు. ముందు ఏముండేదో ఎవరికీ తెలీదు. నేను కనిపెడతాను.

చక్రధర్ సార్ నవ్వారు. పంచె కట్టుకుని మిద్దె దూకినట్టుంటుందమ్మా అన్నారు. కాలేజీ హాలు ఈ చివర నుంచి ఆ చివరకు తేలితేనే బళ్ళారి, లేకుంటే నా చోటు మా క్లాసు కొట్రేశ్ డ్రోన్‌కట. ఆన్‌లైన్‌లో కొన్న డ్రోన్! దానికి నా చోటు పోతే నేను అనూషనే కాదు.

ఫిబ్రవరి 14

మిద్దె మీద నుంచి వదిలాను. మూతి ఆకాశానికెత్తి, తోక కిందికి పెట్టి, ధబ్. థర్మాకోల్ ఒళ్ళు, వెదురుపుల్ల తోక. వెనక బరువు ఎక్కువ.

ఫిబ్రవరి 15

ధబ్.

ఫిబ్రవరి 19

పాలిథిన్ రెక్కలు చిరిగిపోయాయి. ఏడ్చాను. ఓబులమ్మవ్వ చూసింది. వీధికంతా పాత చీరలతో బొంతలు కుట్టేది మా అవ్వే. ఏడ్సాకు మే, నీ బల్లికి నేను రైక కుడతా అంది. రెక్కలే కాదు, ఒళ్ళంతా సిల్కు పేలికలు తొడుగుతుందట. ఫ్యాషన్ షో కాదవ్వా అన్నాను. వింటుందా?

ఫిబ్రవరి 24, సాయంత్రం

ఎగిరింది! హాలు దాటి, వరండా దాటి, ప్రిన్సిపాల్ స్కూటీ సీటు మీద వాలింది. కొట్రేశ్ కూడా ఈల వేశాడు. ఏం మార్చావని సార్ అడిగారు. అంతా సైన్సే, సార్ అన్నాను. నిజానికి నాకూ తెలీదు.

ఫిబ్రవరి 25

చేత్తో ఎత్తి చూస్తే బల్లి తల బరువుగా ఉంది. అవ్వను నిలదీశాను. బొంతకు కడ కుట్టు, అంటే ఆఖరి కుట్టు, వేసేముందు లోపల రొట్టె ముక్క పెట్టాలంట. ఈసారి కడ కుట్టు గొంతు దగ్గర పడింది. బొంతైనా బల్లైనా ఖాళీ కడుపుతో పంపిస్తామా యాడన్నా అని నన్నే తిట్టింది. జొన్నరొట్టె! వెనక బరువుకు ముందు బరువు సరిపోయింది. నవ్వి నవ్వి కడుపు నొప్పి. జడ్జీలకు చెప్పేస్తాను. దాస్తే ఇంకేం సైన్స్?

ఫిబ్రవరి 28, బళ్ళారి

తేలింది. చెప్పాను. హాలంతా నవ్వింది. రెండో బహుమతి. మొదటిది మాత్రం ఏ డ్రోన్‌కూ కాదు.

మార్చి 3

చీమలు రొట్టె మొత్తం తినేశాయి. ఇప్పుడు నా బల్లికి కూడా ముందు ఏముండేదో సాక్ష్యం లేదు.