మామ జీపుకు రెండో బ్యాటరీ

రాచర్ల,
5-1-1955

చిరంజీవి బ్రహ్మానికి మీ మామ రామసుబ్బయ్య దీవించి రాయించేది. ఇక్కడ అందరం క్షేమం, జీపు తప్ప.

రెండు బండ్లు, నాలుగెద్దులు అమ్మి, మిలిటరీవాళ్ళు వేలం వేసిన జీపు కొన్న సంగతి నీకు తెలుసు. దానికి మైకు కట్టి ఊళ్ళు తిరుగుతున్నా. ఇంజను ఆపి గంటసేపు మైకు పలికిస్తే చాలు, బ్యాటరీ చచ్చిపోతది. ఇంక జీపు లేవదు. మొన్న గిద్దలూరు సంతలో పదిమంది తోసినారు. అందులో నా ఎద్దుల్ని కొన్నాయన కూడా ఉండాడు. తోయడం అయినాక, ఎద్దులు బాగా మేస్తున్నాయని చెప్పి పోయినాడు.

శివరాత్రికి త్రిపురాంతకం తిరణాలలో మైకూ లైట్లూ నావేనని పెద్దమనుషులకు మాటిచ్చినా. అక్కడ గాని ఆగిపోతే ఈ వయసులో ఇంకొకరి బండి తోలుకోవాల్సిందే. నువ్వు కర్నూలులో బ్యాటరీల దుకాణంలోనే పని చేస్తుంటివి. ఏదన్నా ఉపాయం రాయి.

ఇంకో సంగతి. మన సుబ్బులును గిద్దలూరు లారీ అంకన్న అడుగుతున్నాడు. తిరణాలలో నా జీపును ఎవరు పలికిస్తే పిల్ల వాళ్ళకేనని నలుగురిలో అనేసినా. మేనల్లుడివని నీకు ముందుగా చెప్తున్నా.

ఇట్లు,
మీ మామ రామసుబ్బయ్య వేలిముద్ర

తా.క. నాయన చెప్పింది చెప్పినట్టు రాసినాను. నాయనకు చదువు రాదు కాబట్టి నీ జవాబు చదివి వినిపించేది కూడా నేనే. — వెంకటసుబ్బులమ్మ

*

కర్నూలు,
12-1-1955

పూజ్యులైన మామయ్యగారికి బ్రహ్మం నమస్కరించి రాసేది. మీ ఉత్తరం అందింది. పిల్ల సంగతి చదివినప్పటి నుంచి అన్నం సయించడం లేదు. స్వయంగా వద్దామంటే, రాజధాని ఇక్కడికి వచ్చాక ఆఫీసర్ల జీపులన్నీ మా దుకాణం ముందే ఉంటున్నాయి. సెలవు మాట ఎత్తితే సేటు కళ్ళెర్రజేస్తున్నాడు.

గిద్దలూరు స్టేషనుకు ఒక బ్యాటరీ పార్సిలు చేశాను. మైకుకీ లైట్లకీ అది వేరుగా ఉండాలి. పాతదానికీ దానికీ మధ్య ఒక స్విచ్చి పెట్టండి. ఇంజను తిరిగేటప్పుడు స్విచ్చి వేస్తే రెండూ నిండుతాయి. ఇంజను ఆపగానే తీసేస్తే మైకు కొత్తదాని మీదే నడుస్తుంది, పాతది మళ్ళీ ఇంజను లేపడానికి మిగులుతుంది. బొమ్మ గీసి పంపుతున్నాను. మీకు తేలిగ్గా తెలియాలంటే, బరువు ఎక్కువైనప్పుడు బండికి సాయం కట్టినట్టు అనుకోండి.

ఇట్లు,
మీ మేనల్లుడు బ్రహ్మం

తా.క. బ్యాటరీ ఎలా చేరిందో వెంటనే రాయించండి. ఒక్క సొట్ట ఉన్నా చెప్పండి.

*

రాచర్ల,
21-1-1955

చిరంజీవి బ్రహ్మానికి దీవెనలు. నువ్వు రాసినట్టే సాయం కట్టినా. మైకు పొగ కక్కింది. బల్బులన్నీ ఒక్క వెలుగు వెలిగి టప్పున పోయినాయి. మీ అత్త గోవిందమ్మ జీపుకు దిష్టి తీసి, నాకూ తీసింది.

తప్పు నాది కాదు. ముప్పై ఏండ్లు నల్లమల కనుమలో బండ్లు తోలినోణ్ణి. సాయం కట్టడం నాకు నేర్పాల్నా? కనుమ ఎక్కేటప్పుడు ఉన్న జతకు ముందర ఇంకో జతను కడతాం. అట్లనే పాత బ్యాటరీ తలకు కొత్తదాని తోక తగిలించి, ఒకదాని ముందర ఒకటి కట్టినా. రెండూ ఒకే దిక్కు లాగినాయి. మైకే తట్టుకోలేకపోయింది. నువ్వు పంపింది మరీ పొగరు బ్యాటరీ. కొంచెం సాధువైనది ఉంటే పంపు.

ఇట్లు,
మామ రామసుబ్బయ్య వేలిముద్ర

తా.క. బొమ్మలో రెండూ పక్కపక్కనే ఉండాయని నాయనకు చెప్పినా. బండి కట్టేది నువ్వా నేనా అన్నాడు. అంకన్న వచ్చి చూసి, ఈ జీపుకు లారీ ఇంజను పెడితే సరిపోతదని చెప్పి, కాఫీ తాగి పోయినాడు. — సుబ్బులమ్మ

*

కర్నూలు,
27-1-1955

పూజ్యులైన మామయ్యగారికి నమస్కారాలు. తప్పు నాదే. ఎద్దుల మాట ఎత్తకుండా ఉండాల్సింది. ఒకదాని ముందు ఒకటి కడితే ఆరు వోల్టులు పన్నెండు అవుతాయి. ఆరింటికి చేసిన మైకు పన్నెండుకు కాలిపోక ఏం చేస్తుంది? మార్కాపురంలో మైకు బాగుచేసేవాళ్ళున్నారు, అక్కడ ఇవ్వండి.

ఈసారి ప్లస్సుకు ప్లస్సు, మైనస్సుకు మైనస్సు, మధ్యలో స్విచ్చి. ఎద్దుల్నీ కనుమనూ మరిచిపోండి. బ్యాటరీలో నీళ్ళు తగ్గినా పాడవుతుంది. మూతలు తీసి చూసి, తగ్గితే పోయండి. మిమ్మల్ని నమ్మి రాస్తున్నాను.

ఇట్లు,
బ్రహ్మం

తా.క. నీళ్ళు ఎక్కువ పోయకండి. బ్యాటరీని ఎండలో ఉంచకండి. దాని ఒంటి మీద దుమ్ము చేరితే పొడిగుడ్డతో తుడవండి. దాని సంగతి తెలిసేదాకా నాకు నిద్ర పట్టదు.

*

రాచర్ల,
5-2-1955

చిరంజీవి బ్రహ్మానికి దీవెనలు. మైకు బాగుచేయించినా. నువ్వు చెప్పినట్టు ప్లస్సుకు ప్లస్సు కట్టినా. నాలుగు రోజులు బ్రహ్మాండంగా పలికింది. రాచర్లంతా వచ్చి చూసినారు. అయిదో రోజు కొత్తది మూలిగి పడుకుంది.

నేను దానికి ఏ లోటూ చేయలే. నీళ్ళు తగ్గినాయని చూసినా. బరువు లాగే జీవం ఒట్టి నీళ్ళతో ఎట్ల బతుకుతది? మీ అత్తతో ఉలవలు ఉడకబెట్టించి, ఆ నీళ్ళు చల్లార్చి పోసినా. నా ఎద్దులకు రోజూ అదే. నా ఎద్దులు ఎప్పుడన్నా పడుకున్నాయా?

శివరాత్రి పదిహేను రోజులే ఉంది. పెద్దమనుషులు మనిషిని పంపి అడిగినారు. అంతా సిద్ధమని చెప్పి పంపి, గొడ్లపాకలో కూచుని ఏడ్చినా. ఎద్దులు లేని పాకలో ఏడిస్తే ఇంకా ఏడుపొస్తది నాయనా.

ఇట్లు,
రామసుబ్బయ్య వేలిముద్ర

తా.క. వద్దంటే వినకుండా గుడ్డలో వడకట్టి మరీ పోసినాడు. మిగిలింది మేము చారు పెట్టుకున్నాం. — సుబ్బులమ్మ

*

కర్నూలు,
11-2-1955

మామయ్యగారికి,

ఉలవల సంగతి సేటుకు చెప్పాను. ఆయన గల్లాపెట్టె మీద తల పెట్టుకున్నాడు. తర్వాత దుకాణంలో అందరినీ పిలిచి నాతో మళ్ళీ చెప్పించాడు.

కాళ్ళావేళ్ళా పడి ఇంకో బ్యాటరీ పంపుతున్నాను. సెలవు మాత్రం ఇవ్వలేదు. ఇంకెలా చెప్పాలో నాకు తెలియడం లేదు. నేను ఏ మాట రాసినా అక్కడికి చేరేసరికి దానికి కొమ్ములొస్తున్నాయి. నా తలరాత ఇంతే. అమ్మాయిని అంకన్నకే ఇచ్చుకోండి. ఈ బ్యాటరీని మాత్రం మీరు ముట్టుకోకండి.

ఇట్లు,
బ్రహ్మం

తా.క. అది ఉన్న గదిలో వంట కూడా చేయకండి.

*

రాచర్ల,
23-2-1955

చిరంజీవి బ్రహ్మానికి మామ రామసుబ్బయ్య దీవించి రాయించేది.

జీపు పలికింది. తిరణాలలో తప్పిపోయిన పదిహేడుమంది పిల్లల్ని పిలిచి తల్లులకు అప్పజెప్పినా. అన్ని గంటలు మైకు మోగినాక, తెల్లారి మీట నొక్కితే జీపు ఒక్క పట్టున లేచింది. ఎవరూ తోయలే. నాకు ఏడుపొచ్చింది.

చిక్కంతా ఆ తర్వాత వచ్చింది. నువ్వు ముట్టొద్దన్నావని నేను ముట్టలే. తిరణాలకు ముందర నేను మార్కాపురం పోయి వచ్చేసరికి వైర్లన్నీ కట్టి ఉండాయి. అంకన్న జీపు పక్కనే నిలబడి, తానే కట్టినానని పెద్దమనుషుల ముందర అన్నాడు. సుబ్బులు ముందుకొచ్చి, ఆ స్విచ్చి తీస్తే మైకు ఏ బ్యాటరీ మీద నడుస్తదో చెప్పమని అడిగింది. అంకన్న స్విచ్చి ఎక్కడుందో వెతికినాడు. అప్పుడు నా బిడ్డ నా వైపు తిరిగింది.

"కట్టింది నేను నాయనా. పలికించినోళ్ళకే పిల్ల అంటివి. నన్ను నాకే ఇచ్చేయి."

నలుగురిలో అన్న మాట. ఇచ్చేసినా. అంకన్న కాఫీ కూడా తాగకుండా పోయినాడు. ఇప్పుడు నువ్వొచ్చి అడిగినా నా చేతిలో ఏమీ లేదు నాయనా. ఏమీ అనుకోవద్దు.

ఇట్లు,
మీ మామ రామసుబ్బయ్య వేలిముద్ర

తా.క. బావా, ఇది నాయనకు తెలియకుండా రాస్తున్నా. అంకన్నకే ఇచ్చుకోండి అని నువ్వు రాసిన మాట నాయనకు చదివి వినిపించలేదు. ఆ చోట, అందరినీ అడిగినానని చెప్పండి, అని చదివినా. మా మేనల్లుడికి మర్యాద తెలుసు అని నాయన సంతోషపడినాడు.

నీ మూడు ఉత్తరాలూ మళ్ళా చదివినా. బ్యాటరీకి ఎండ తగలకూడదన్నావు, దుమ్ము చేరకూడదన్నావు, దాని కోసం నిద్ర మానుకున్నావు. నేనెట్లున్నానని ఒక్క చోట కూడా అడగలేదు. నేను బాగున్నా. ఈసారి ఉత్తరం నా పేరున రాయి. ఇప్పుడు పిల్లనిచ్చేది నేనే.